నాన్నతో రాస్ ఐలాండ్: ఒక పూట చాలలేదు

మొదటే చెప్పేస్తాను, బుధవారం మాత్రం వెళ్లకండి. అండమాన్‌లోని రాస్ ఐలాండ్‌కు బుధవారం సెలవు. మాకు ప్లాన్ వేసి ఇచ్చిన ఏజెంటు ఆ ముక్క చెప్పలేదు, మేం పొద్దున్నే టిఫిన్ కూడా సరిగ్గా తినకుండా పరుగెత్తుకుంటూ జెట్టీకి వెళ్తే కౌంటర్లో అమ్మాయి "ఈరోజు బంద్ మేడం, రేపు రండి" అంది. నాన్నకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పి, ఆటో ఎక్కి దిగడమే ఆయనకు పెద్ద పని, అలాంటిది ఒక రోజు వృథా అయిందనేసరికి నాకు బాగా కోపం వచ్చింది. నాన్న మాత్రం "పోన్లేమ్మా, ముందు సెల్యులార్ జైలు చూద్దాం" అన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే అదే మంచిదైంది, ఎందుకో తర్వాత చెప్తాను.

ఈ ద్వీపం పేరు ఇప్పుడు అధికారికంగా నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. 2018 డిసెంబర్ 30న మార్చారు. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. కానీ ఆటోవాళ్ల దగ్గర్నుంచి టికెట్ కౌంటర్ దాకా మాకు వినపడిందంతా పాత పేర్లే, అందుకే నేనూ అలాగే రాస్తున్నాను. డేనియల్ రాస్ అని సముద్రాన్ని సర్వే చేసిన ఒక ఇంగ్లీషు అధికారి పేరు దీనికి పెట్టారట. చాలా చిన్న ద్వీపం, మొత్తం కలిపి ఎంతో లేదు, మెల్లగా నడిచినా రెండు మూడు గంటల్లో చుట్టేయొచ్చు. కానీ అండమాన్ మొత్తాన్ని బ్రిటిష్ వాళ్లు ఎనభై ఏళ్లకు పైగా ఏలింది ఇక్కడ కూర్చునే.

అసలు మేం అండమాన్ ఎందుకు వెళ్లామో కూడా చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరు. నాన్న అక్కడే తెలుగు మాస్టారుగా చేసి రిటైర్ అయ్యారు. ఆయన చిన్నతనం నుంచీ ఊళ్లో ఎవరైనా కనపడకుండా పోతే "అండమాను ఎల్లిపోనాడు" అనేవాళ్లట. విశాఖలో ఓడ ఎక్కితే రెండున్నర రోజుల ప్రయాణం, వెళ్లినవాళ్లు కొందరు డబ్బులు పంపేవాళ్లు, కొందరి కబురే ఉండేది కాదు. అలా వెళ్లినవాళ్లలో నాన్న స్నేహితుడు ఒకాయన ఉన్నారు, తాపీ మేస్త్రి, మా ఇంటి గోడలు కట్టింది ఆయనే. నేను ఆయన్ని మేస్త్రి బాబాయ్ అనేదాన్నని అమ్మ చెప్పేది, నాకు మాత్రం ఆయన చేతులు తప్ప మొహం గుర్తులేదు. నాన్నకు అండమాన్ అంటే కొంచెం సెల్యులార్ జైలు, కొంచెం ఆయన. విమానం టికెట్లు తీసినప్పుడు "ఓడలో పోదామా" అని రెండుసార్లు అడిగారు గానీ ఆయన మోకాళ్లకు అంత ప్రయాణం కుదరదని నేనే ఒప్పుకోలేదు.

సరే, ఆ బుధవారం సెల్యులార్ జైలుకు వెళ్లాం. జైలు గురించి చాలామంది రాశారు కాబట్టి ఒక్క విషయమే చెప్తాను. మధ్య టవర్ మెట్లు మెల్లగా ఎక్కి పైన డాబా మీదికి వెళ్తే, ఎదురుగా సముద్రంలో పచ్చటి ముద్దలా ఒక ద్వీపం కనపడుతుంది. అదే రాస్. నాన్న పిట్టగోడ పట్టుకుని చాలాసేపు చూసి "ఈ జైలు ఎప్పుడు కట్టారమ్మా" అని అడిగారు. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు, అప్పట్లో ఏడు రెక్కలు, ఇప్పుడు మూడే మిగిలాయి అని బోర్డులో చదివింది చెప్పాను. "మరి ఖైదీల్ని తేవడం 1858లోనే మొదలైంది కదా. అంటే దాదాపు యాభై ఏళ్లు ఈ జైలు లేకుండానే గడిచింది" అన్నారు. నేను అప్పటిదాకా అలా ఆలోచించలేదు. కాలాపానీ అంటే నాకు ఈ కొట్లు, ఈ తాళాలే. కానీ అంతకుముందు జైలుకు గోడలే లేవు, చుట్టూ సముద్రమే గోడ. ఆ కథంతా ఆ ఎదురుగా కనపడే పచ్చటి ముద్ద మీద మొదలైంది.

అల్లూరి సీతారామరాజు దళంలో పోరాడిన గాం మల్లుదొరను కూడా అండమాన్ పంపారు, ఆయన తిరిగొచ్చాక మొదటి ఎన్నికల్లో మన విశాఖ నుంచే పార్లమెంటుకు వెళ్లాడు అని నాన్న అక్కడే చెప్పారు. పక్కనే ఉన్న ఇద్దరు కుర్రాళ్లు, హైదరాబాద్ నుంచి వచ్చారట, ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. నాకు చాలా సంతోషం వేసింది.

గురువారం ఎనిమిదిన్నరకే జెట్టీకి చేరుకున్నాం. ప్రాసెస్ ఏమంత కష్టం కాదు. ఆధార్ చూపించాలి, పేర్లు వయసులు రాయించాలి, టికెట్ మీద బోటు పేరు రాసి ఇస్తారు, వెళ్లింది ఏ బోటో తిరుగు ప్రయాణమూ దాంట్లోనే. ఎక్కువమంది రాస్, నార్త్ బే రెండూ కలిపి తీసుకుంటారు. నార్త్ బేలో స్కూబా, గ్లాస్ బాటమ్ బోటు అలాంటివి ఉంటాయి, పిల్లలు, కుర్రాళ్లు దానికోసమే వస్తారు. ఇక్కడే ఒక ఇబ్బంది ఉంది. రెండూ తీసుకుంటే రాస్‌లో మీకు ఇచ్చే టైమ్ గంట, మహా అయితే గంటన్నర. నాన్న నడకకు అది జెట్టీ నుంచి కొండ పైదాకా వెళ్లడానికే సరిపోతుంది. అందుకని మేం బోటువాళ్లతో ముందే మాట్లాడుకున్నాం, నార్త్ బేకి రాం, రాస్‌లోనే దిగిపోతాం, మీ రెండో ట్రిప్పులో మమ్మల్ని ఎక్కించుకోండి అని. పెద్దాయన్ని చూసి సరే అన్నారు. మీకూ చరిత్ర మీద ఇష్టం ఉంటే దయచేసి ఇలాగే ముందు మాట్లాడుకోండి, గంటలో చూసే చోటు కాదు అది.

బోటు నిండేదాకా ముప్పావు గంట కూర్చోవాల్సి వచ్చింది. ఆ ఖాళీలో నేను పక్కనే ఉన్న అబర్డీన్ యుద్ధ స్మారకం చూసి వచ్చాను. చాలామంది దాని ముందు నుంచే నడిచి వెళ్లిపోతున్నారు, ఎవరూ ఆగడం లేదు. 1859 మే 17న ఈ దీవుల ఆదివాసులైన గ్రేట్ అండమానీలు విల్లంబులతో బ్రిటిష్ వాళ్ల మీద దాడి చేశారు. అంతకు ఏడాది ముందు పారిపోయి వాళ్లతో కలిసి బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ వెనక్కి వచ్చి దాడి సంగతి ముందే చెప్పేయడంతో తుపాకుల ముందు వాళ్లు నిలవలేకపోయారు. తివారీకి క్షమాభిక్ష దొరికింది. దాడి చేసినవాళ్ల జాతిలో ఇప్పుడు మిగిలింది కొన్ని పదుల మంది. తర్వాత 1863లో రాస్ మీదే అండమాన్ హోమ్ అని ఒకటి పెట్టి వాళ్లను మచ్చిక చేసుకోవాలని చూశారు, కానీ బయటివాళ్లతో కలిశాక పట్టుకున్న జబ్బులే వాళ్లలో ఎక్కువమందిని మింగేశాయి. రాస్‌కు వెళ్లే ముందు ఈ స్మారకం దగ్గర ఐదు నిమిషాలు ఆగమని నా మనవి, ఎందుకంటే ఖైదీల కంటే ముందు ఈ నేల ఎవరిదో చెప్పే చోటు ఇదొక్కటే నాకు కనపడింది.

బోటులో లైఫ్ జాకెట్లు కట్టే అబ్బాయి నాన్నకు బెల్టు బిగిస్తూ మా మాటలు విని "ఏ ఊరు బావూ మీది?" అన్నాడు. ఆ "బావూ" వినగానే నాన్న మొహం వెలిగిపోయింది. ఆ అబ్బాయి పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లోనే, వాళ్ల తాతలది సోంపేట వైపు, ఇంట్లో తెలుగే, అదీ మన సిక్కోలు యాసే. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారని విన్నాను గానీ, నడిసముద్రంలో బోటు మీద మా ఊరి మాట వినపడితే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. నాన్న వెంటనే మేస్త్రి బాబాయ్ గురించి అడిగారు, పేరు, ఊరు, వెళ్లిన సంవత్సరం అన్నీ చెప్పారు. "జంగ్లీఘాట్‌లో అడిగితే తెలుస్తాది బావూ, మనోలు అక్కడే ఎక్కువ. నాను అడిగి సెప్తాను" అన్నాడు. ప్రయాణం పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు, వాళ్ల మాటలు తెగకముందే రాస్ వచ్చేసింది.

దిగగానే కనపడేది జపాన్ వాళ్ల బంకర్. బ్రిటిష్ శిథిలాల కోసం వచ్చినవాళ్లకు మొదట ఎదురయ్యేది జపాన్ కాంక్రీటు. 1942 మార్చి 23న జపాన్ సైన్యం అండమాన్‌లో దిగింది, 1945 దాకా ఉంది. ఆ బంకర్ దాటగానే చుక్కల జింకలు మనుషుల మధ్యలోంచే తిరుగుతుంటాయి, బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలిన వాటి సంతతి. నెమళ్లు, కుందేళ్లు కూడా ఉన్నాయి. జనం చిప్స్ ప్యాకెట్లు పెడుతుంటే సెక్యూరిటీ ఆయన పాపం అరుస్తూనే ఉన్నాడు. పెట్టకండి, ప్లాస్టిక్ కవరుతో సహా తినేస్తున్నాయి. నడవలేని పెద్దవాళ్లకు బ్యాటరీ బండ్లు ఉంటాయి. నాన్నను ఎక్కమన్నాను, "పైకి నడుస్తాను, కిందికి బండెక్కుతాను" అన్నారు. అందరూ దీనికి తిరగేసి చేస్తారు, కానీ ఆయనకు ప్రతి గోడ దగ్గరా ఆగాలి.

ప్రతి గోడ దగ్గరా ఆగారు కూడా.

ఇక్కడ ఏమేం ఉండేవో వింటే నమ్మబుద్ధి కాదు. చీఫ్ కమిషనర్ బంగ్లా, చర్చి, బేకరీ, ప్రింటింగ్ ప్రెస్, ఆసుపత్రి, ఈత కొలను, టెన్నిస్ కోర్టు, కింది ఉద్యోగులకు విడిగా ఒక క్లబ్బు, కరెంటుకు పవర్ హౌస్, నీళ్లకు ప్లాంటు, దాని బాయిలర్ తుప్పు పట్టి ఇంకా అక్కడే ఉంది. తూర్పు దేశాల పారిస్ అని పిలిచేవాళ్లట. ఇప్పుడు ఒక్కదానికీ పైకప్పు లేదు. గోడలు ఉన్నాయి, గోడల మీద చెట్లు ఉన్నాయి. మర్రి జాతి చెట్లు, గోడ నెత్తిన మొలిచి, వేళ్లు రెండు వైపులా కిందికి దింపి, కిటికీల్లోంచి దూరి, ఇటుకల మధ్యకి వెళ్లి, చివరికి గోడ ఎక్కడ ఆగిందో వేరు ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిసిపోయాయి. ఫోటోల్లో చూసినప్పుడు నాకు చెట్టు గోడను మింగేస్తోంది అనిపించేది. దగ్గర నిలబడి చూస్తే కొన్ని చోట్ల చెట్టే గోడను పట్టుకుని నిలబెట్టింది, అది లేకపోతే ఎప్పుడో కూలిపోయేది.

నాన్న ఒక చోట ఇటుకల మధ్య సందులో వేలు పెట్టి చూసి "ఇది సిమెంటు కాదు, సున్నం" అన్నారు. చిన్నప్పుడు మేస్త్రి బాబాయ్ గానుగ సున్నం ఎలా నలిపేవాడో, ఇసుక పాళ్లు ఎలా చూసేవాడో చెప్తూ నడిచారు. ఆయన మాటలు వింటుంటే నాకు ఆ గోడలు వేరేగా కనపడటం మొదలైంది. అక్కడ ప్రతి బోర్డు మీదా ఇది ఎవరి ఇల్లు, ఇక్కడ ఎవరు డాన్స్ చేసేవాళ్లు, ఎవరు ప్రార్థన చేసేవాళ్లు అని ఉంది. ఆ సున్నం నలిపింది ఎవరు, ఆ రాళ్లు జెట్టీ నుంచి కొండ పైకి మోసింది ఎవరు అన్నది ఎంత వెతికినా సరిగ్గా కనపడలేదు. కట్టింది ఖైదీలే కదా. 1858 మార్చి 10న జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అనే ఆయన 200 మంది ఖైదీలతో వచ్చాడు. మొదట చాతం ద్వీపంలో దిగారు, అక్కడ నీళ్లు చాలక రాస్‌కు మారారు. అప్పుడు ఇక్కడ ఉన్నది దట్టమైన అడవి. సంకెళ్లతో, వానలో, జ్వరాలతో ఆ అడవి కొట్టింది 1857 తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్లు. పారిపోయి మళ్లీ దొరికినవాళ్లలో ఎనభై మందికి పైగా వాకర్ ఉరి తీయించాడు, అదీ వచ్చిన మొదటి కొద్ది నెలల్లోనే. ఈ ఈత కొలనూ ఆ టెన్నిస్ కోర్టూ అలాంటి నేల మీద వచ్చాయి.

మన తెలుగు నేలకు కూడా దీనితో సంబంధం ఉంది, ఇది ఎక్కువమందికి తెలియదు కాబట్టి చెప్తున్నాను. 1857 జూలై 17న హైదరాబాద్‌లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కలిసి బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. కోఠీ మహిళా కాలేజీ అని మనం పిలిచే భవనమే ఆ రెసిడెన్సీ. తుర్రెబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకున్నా తర్వాత కాల్చి చంపేశారు. మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ పంపేశారు, ఆయన మళ్లీ హైదరాబాద్ చూడలేదు, ఇక్కడే పోయాడు. కోఠీ బస్టాపులో నేను మూడేళ్లు నిలబడ్డాను, చదువుకునే రోజుల్లో. ఆ గోడ ముందు నిలబడి బస్సు కోసం చూసిన నాకు ఆ గోడ మీదికి వెళ్లినాయన ఎక్కడ పోయాడో తెలుసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

చర్చి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ప్రెస్బిటేరియన్ చర్చి, రాతి కట్టడం, కొండ మీద ఎత్తుగా ఉంటుంది. కిటికీలకు బర్మా టేకు వాడారని, బలిపీఠం వెనక రంగుటద్దాలు ఇటలీ నుంచి తెప్పించారని చెప్తారు. ఇప్పుడు ఆ కిటికీ చోట ఉత్త ఖాళీ, దాంట్లోంచి ఆకులు, ఆకాశం. మేం వెళ్లేసరికి అప్పుడే చిన్న వాన పడి ఆగింది, ఆ ఖాళీలోంచి ఎండ వచ్చి తడి నేల మీద పడింది. లోపల ఎవరూ లేరు. నాన్న చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. "చర్చి అయినా గుడి అయినా దేవుడి చోటే కదమ్మా" అన్నారు, ఒక రాయి మీద కూర్చున్నారు. పది నిమిషాలు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అక్కడి నుంచి సమాధుల వైపు వెళ్లాం. ఆ వైపు జనం తక్కువ వస్తారు. రాళ్ల మీద అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. కొన్ని పసిపిల్లల సమాధులు ఉన్నాయి. ఇంత దూరం వచ్చి, మలేరియా ఉన్న చోట పిల్లల్ని కని, పోగొట్టుకుని, ఆ చిన్న రాళ్లు పాతి వెళ్లిపోయిన తల్లులు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది. కానీ అదే చోట నిలబడి నాన్న అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. "మరి వాళ్లెక్కడమ్మా?" అన్నారు. ఖైదీలు. పేరు చెక్కిన రాయి ఒక్కటైనా ఉంటుందేమోనని నేను చెట్ల మధ్య చాలాసేపు తిరిగాను, నాకు కనపడలేదు. పాలించినవాళ్ల నెలల పిల్లలకు కూడా పేరుతో రాయి ఉంది. ద్వీపం మొత్తాన్ని చేతులతో కట్టినవాళ్లకు లేదు.

చీఫ్ కమిషనర్ బంగ్లా శిథిలం చాలా ఎత్తులో ఉంది, అక్కడి నుంచి రెండు వైపులా సముద్రం. నేతాజీ 1943 డిసెంబర్ చివర్లో అండమాన్ వచ్చినప్పుడు బస చేసింది ఆ బంగ్లాలోనే. డిసెంబర్ 30న పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. ద్వీపానికి ఆయన పేరు పెట్టింది కూడా సరిగ్గా 75 ఏళ్లకు, అదే తేదీన. ఇక్కడ ఆయనకు జాతీయ స్మారకం కడతామని 2023లో నమూనా కూడా చూపించారు. నాన్నకు నేతాజీ అంటే ప్రాణం, అక్కడ నిలబడి రెండు చేతులూ జోడించారు. కానీ ఇదే కథలో ఇంకో సగం ఉంది, అదీ చెప్పాలి. ఆయన ఇక్కడ ఉన్న రోజుల్లోనే, ఎదురుగా కనపడే సెల్యులార్ జైల్లో జపాన్ వాళ్లు మనవాళ్లను గూఢచారులంటూ చిత్రహింసలు పెడుతున్నారు. డాక్టర్ దివాన్ సింగ్, పంజాబీ కవి కూడా, ఆ దెబ్బలకే 1944 జనవరి 14న చనిపోయారు, అంటే జెండా ఎగిరిన రెండు వారాలకు. జపాన్ వాళ్లు నేతాజీకి ఆ జైల్లో జరిగేది తెలియనివ్వలేదంటారు. ముందురోజు జైలు చూసి రావడం మంచిదైందని మొదట్లో అన్నాను కదా, ఇందుకే. జైలు డాబా మీద నుంచి ఈ కొండను, ఈ కొండ మీద నుంచి ఆ జైలున్న ఒడ్డును చూస్తేనే మధ్యలో ఉన్న నీళ్లు ఎంత తక్కువో అర్థమవుతుంది.

ద్వీపాన్ని బ్రిటిష్ వాళ్లు వదిలేయడానికి జపాన్ ఒక్కటే కారణం కాదు. 1941 జూన్ 26న పెద్ద భూకంపం వచ్చింది, కట్టడాలు చాలా దెబ్బతిన్నాయి, ఆఫీసులు పోర్ట్ బ్లెయిర్‌కు తరలించారు. తర్వాత యుద్ధం. స్వాతంత్ర్యం వచ్చాక చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు, ఇటుకలు, కలప పట్టుకుపోయారు, 1979లో నేవీ చేతికి వచ్చాక మిగిలింది నిలిచింది. ఇప్పుడు కూడా అక్కడ పర్యాటకులెవరూ రాత్రి ఉండకూడదు.

వెనక వైపు మెట్లు దిగితే సముద్రంలోకి చొచ్చుకుని లైట్‌హౌస్ ఉంది. నాన్నను పైన బెంచీ మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే దిగాను, మెట్లు చాలా ఉన్నాయి, నాచు పట్టి జారుతున్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగొద్దు. అలల జోరు అటువైపు వేరు. 2004 సునామీలో ఈ చిన్న ద్వీపమే అడ్డుగా నిలిచి పోర్ట్ బ్లెయిర్‌కు దెబ్బ తగ్గించిందని అక్కడివాళ్లు చెప్తారు, ఆ గట్టు మీద నిలబడితే నమ్మాలనిపిస్తుంది.

ఒక్క విషయం మాత్రం నాకు చాలా బాధ కలిగించింది. ఒక జంట, చదువుకున్నవాళ్లే, తాళం చెవితో మర్రి వేరు మీద పేర్లు చెక్కుతున్నారు. నేను వెళ్లి ఆపమన్నాను. "చెట్టే కదా ఆంటీ" అన్నాడు ఆ అబ్బాయి. ఆ గోడ కట్టినవాళ్లలో ఒక్కరి పేరు కూడా ఇక్కడ లేదు బాబూ, మనకెందుకు అన్నాను. ఏమనుకున్నాడో గానీ తాళం జేబులో పెట్టుకున్నాడు.

వెళ్లేవాళ్లకు ఇంకొన్ని మాటలు. పొద్దున మొదటి బోట్లలోనే వెళ్లండి, అండమాన్‌లో శీతాకాలం సాయంత్రం ఐదింటికే సూర్యుడు అస్తమిస్తాడు, మన టైమ్ అలవాటుతో మధ్యాహ్నం బద్ధకిస్తే చూడలేరు. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులతో నాన్న రెండుసార్లు జారబోయారు. గొడుగు, నీళ్ల సీసా, దోమల క్రీము తప్పనిసరి. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో వేరే టికెట్, మేం వెళ్లలేదు, నాన్న అప్పటికే అలిసిపోయారు.

మా బోటు రెండో ట్రిప్పులో ఒంటిగంట దాటాక వచ్చింది. ఆ సోంపేట అబ్బాయి నాన్నను చెయ్యి పట్టుకుని ఎక్కించి "బావూ, మీరు సెప్పిన మేస్త్రిగారు లేరంట, ఆరేళ్లయింది. కొడుకున్నాడు, జంగ్లీఘాట్‌లోనే, నెంబరిచ్చినారు" అన్నాడు. మేం నార్త్ బే వదిలేసి శిథిలాల్లో తిరుగుతున్న ఆ నాలుగు గంటల్లో ఈ అబ్బాయి మాకోసం ఎవరెవరికో ఫోన్లు చేశాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. నాన్న దారంతా సముద్రం వైపే చూస్తూ కూర్చున్నారు.

సాయంత్రం వెళ్లాం. చిన్న ఇల్లు, ముందు కొబ్బరి చెట్టు, లోపల తెలుగు సీరియల్ వస్తోంది. కొడుక్కి నలభై ఉంటాయి, తనూ మేస్త్రీయే. నాన్న ఎవరో చెప్పగానే కాళ్లకు దండం పెట్టి కుర్చీ వేశాడు. రాస్ చూసి వస్తున్నామంటే, తనను చిన్నప్పుడు వాళ్ల నాన్న ఒకసారి తీసుకెళ్లాడని చెప్పాడు. అందరూ జింకల వెనక తిరుగుతుంటే ఆయన మాత్రం గోడల దగ్గర ఆగి, చేత్తో తట్టి, తాడు లేకుండానే కంటితో నిటారు చూసేవాడట. "ఈ గోడ కట్టినోడికి కూలియ్యలేదురా. అయినా వంకర పెట్టలేదు సూడు, అన్నాడు మా నాన్న" అని చెప్పాడు.

తర్వాత లోపలికి వెళ్లి పిడి అరిగిపోయిన పాత తాపీ ఒకటి తెచ్చి చూపించాడు. ఊరి నుంచి ఓడెక్కినప్పుడు వెంట తెచ్చుకున్నదట. నాన్న దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, మా ఇంటి గోడల గురించి ఆ అబ్బాయికి చెప్పడం మొదలుపెట్టారు. పడమటి గదికి ఎన్ని వరసలు, గుమ్మం ఎటు, వాన ఎక్కడ కొడుతుంది. టీ రెండుసార్లు చల్లారింది, మళ్లీ పెట్టారు.